రెండో మీటరు

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు కొన్న నెలలో గట్టిగా మాట్లాడతారు. మొదటి కరెంటు బిల్లు వచ్చాక కొంచెం మెల్లగా మాట్లాడతారు. శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఈ మార్పు బాగా కనిపిస్తోంది. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 డిసెంబర్ ఆఖరు దాకా ఆ మినహాయింపు ఇచ్చింది. అప్పటినుంచి శంషాబాద్, సాతంరాయి, గగన్‌పహాడ్ ఇళ్ల ముందు గోడకు వేలాడే చార్జర్లు ఎక్కువయ్యాయి. ఆ చార్జరు వెనకాల ఏ మీటరు ఉండాలి అన్న దగ్గరే తగువు.

సాతంరాయిలో ఇద్దరు బంధువులు ఈ తగువే పడుతుంటే విన్నాను. బావ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. బామ్మర్దికి ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. సొంత ఇల్లు, పైన ఖాళీ మిద్దె, కింద కొత్త కారు. ఇద్దరూ అన్నది అన్నట్టే రాస్తున్నాను. మధ్యలో వచ్చిన ఎన్నికల ముచ్చట, పక్కింటి గోడ పంచాయతీ మాత్రం తీసేశాను.

బావ: ముందుగల్ల బిల్లు తియ్యి. నెలకు ఎన్ని యూనిట్లు?

బామ్మర్ది: కారు రాకముందు సగటున 300. ఇప్పుడు 500. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతున్న, యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వస్తున్నయి. కారుకు 200 యూనిట్లు, లెక్క సరిపోయింది.

బావ: యూనిట్ల లెక్క సరిపోయింది, పైసల లెక్క సరిపోలే. 300 యూనిట్లకు కరెంటు చార్జీ 1,790 రూపాయలు. 500కు 3,640. కారు తిన్న 200 యూనిట్లకు నువ్వు కట్టింది 1,850. అంటే యూనిట్ తొమ్మిది రూపాయల పావలా.

బామ్మర్ది: అయితేంది బావా? గదే 1,200 కిలోమీటర్లు పాత కారుల తిరిగితే 80 లీటర్ల పెట్రోలు. ఎనిమిదిన్నర వేలు. నేను లాభంల ఉన్న.

బావ: పెట్రోలు పక్కన పెట్టి చూస్తే ఏదైనా సస్తగనే కనపడ్తది. నువ్వు పోల్చవలసింది ఆరు రూపాయలతోని. బండ్ల చార్జింగ్‌కు విద్యుత్ నియంత్రణ మండలి వేరే కేటగిరీ పెట్టింది, యూనిట్ 6 రూపాయలు, దానికి స్లాబు లేదు. ఇంటి మీటరు ఇంటికే ఉంచు. కారుకు రెండో మీటరు తీసుకో.

బామ్మర్ది: ఇంట్లోనే ఇంకో మీటరు ఇస్తరా?

బావ: ఇయ్యాలె. 2024 ఫిబ్రవరిల కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. కారు చార్జింగ్‌కు వేరే కనెక్షన్ కావాల్నని అడిగితే ఇయ్యాలని అందుల రాసి ఉన్నది. అడిగెటోళ్లే తక్కువ.

ఇక్కడ కాసేపు స్లాబుల దగ్గర ఆగాలి. తగువంతా దానిమీదే నిలబడి ఉంది. తెలంగాణ ఇళ్ల టారిఫ్ 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలా నడుస్తోంది. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద 3.40, రెండో వంద 4.80. 200 దాటిందా, పాత ధరలన్నీ పోతాయి. మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, అక్కణ్నుంచి 10 రూపాయలు.

ఆ గడప ఎంత ఎత్తుగా ఉందో చూడండి. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆఖరి ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు! రేషన్ కార్డున్న పేద ఇంటికి ఇది ఇంకా ఎత్తు. 2024 మార్చి నుంచి నడుస్తున్న గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. అంటే మన దగ్గర ఇంటి టారిఫ్ ఎంచుకోవడమంటే కంపెనీ ఎంచుకోవడం కాదు. ఏ వస్తువు ఏ మీటరు వెనకాల ఉండాలో ఎంచుకోవడమే.

బావ: మా పెద్దమ్మాయి ఇంగ్లండుల ఉంటది. అక్కడ కరెంటు అమ్మె కంపెనీలు బొచ్చెడు. ఆక్టోపస్ గో అని ఒక టారిఫ్ ఉన్నది. రాత్రి పన్నెండున్నర నుంచి ఐదున్నర దాకా కరెంటు సస్త, పగటి ధరల మూడో వంతుకు దగ్గర. కారుకు టైమర్ పెట్టి పండుకుంటరు. మనకు ఒకటే డిస్కమ్, ఒకటే ధర. మనకున్న ఎంపికల్ల ఇంత చౌకది రెండో మీటరొక్కటే.

బామ్మర్ది: నేను కూడ రాత్రి పన్నెండింటికే పెడుతున్న గద?

బావ: నీ మీటరు గడియారం చూడది. రాత్రి ఏడింటికి పెట్టు, రెండింటికి పెట్టు, ధర అదే. టైము చూసి ధర కట్టుడు మన దగ్గర ఫ్యాక్టరీల లాంటి హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకే ఉన్నది. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 యూనిట్‌కు రూపాయి ఎక్కువ, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా రాయితీ. ఇళ్లకు కూడ పెట్టాలని కేంద్రం 2023ల నిబంధన రాసింది, 2025 ఏప్రిల్ నుంచని తారీఖు కూడ వేసింది. కాని స్మార్ట్ మీటర్ ఉండాలె. నీ గోడకున్నది స్మార్టా?

బామ్మర్ది: సరే, గడియారం పక్కన పెట్టు. నీ రెండో మీటరు లెక్క చెప్పు.

బావ: ఇంటికి 300, అదే 1,790. కారుకు 200 యూనిట్లు ఆరు చొప్పున 1,200. మొత్తం 2,990. ఇప్పుడు కట్టేది 3,640. నెలకు 650 మిగులు, దాంట్ల కొత్త మీటరు ఫిక్స్‌డ్ చార్జీ పోతది.

బామ్మర్ది: ఫిక్స్‌డ్ చార్జీ పోతది, కనెక్షన్‌కు డెవలప్‌మెంట్ చార్జీలు పోతయి, డిపాజిట్ పోతది, వైరింగ్ చేసెటోనికి పోతది. గింత తిప్పలు పడి నాలుగైదు వందల కోసమా? నేను మీద ప్యానెల్స్ పెడుత బావా. మూడు కిలోవాట్లు. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనుకో, నెలకు 360. నెట్ మీటర్ పెడితే 500లకెల్లి 360 పోంగ మిగిలేది 140. నూటికి 340, నలభైకి 192, మొత్తం 532 రూపాయలు. 3,640 ఎక్కడ, 532 ఎక్కడ!

బావ: ఖర్చు?

బామ్మర్ది: రెండు లక్షల దరిదాపు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 వస్తది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000. మిగిలింది నా జేబులకెల్లి. నెలకు మూడు వేలు మిగిల్తే నాలుగేండ్లలోపల తీరిపోతది.

బావ: మంచిగనే ఉన్నది. అయితే ప్యానెల్స్ కూడ పెట్టు, రెండో మీటరు కూడ తీసుకో. రెండు దిక్కుల లాభం.

బామ్మర్ది: ఆగు బావా. అక్కడనే నీ లెక్క తప్పింది. రెండు లాభాలు కలిస్తే నష్టమైతది.

బావ: ఎట్ల?

బామ్మర్ది: ప్యానెల్స్ ఉండేది ఇంటి మీటరు వెనకాల. కారును వేరే మీటరుకు తీసుకపోతే ఇంటికి మిగిలేది 300. ప్యానెల్స్ చేసేది 360. అరవై మిగుల్తయి. ఆ అరవై ముందు నెలకు పోతయి, ఆరు నెలలకు లెక్క తేల్చి డిస్కమ్ తన సగటు కొనుగోలు ధర కట్టిస్తది. నాకు తొమ్మిదిన్నర మిగిలియ్యాల్సిన యూనిట్‌ను దాంట్ల సగానికి అమ్ముకున్నట్టు. ఇటు కారుకేమో 1,200 కడుతనే ఉంటి. ఒకే మీటరైతే మొత్తం 532. రెండు మీటర్లయితే కారు ఒక్కదానికే 1,200. కారు ఇంటి మీటరు మీద ఉంటేనే ప్యానెల్స్‌కు పని. ప్యానెల్స్ కొట్టేది పై స్లాబునే గద.

బావ కాసేపు కాగితం మీద రాసుకున్నారు. కొట్టేసి మళ్లీ రాశారు. ఈ లెక్క సరైనదే. సోలార్ అమ్మేవాళ్లు చెప్పరు, వాళ్లకు మీటర్లతో పనిలేదు. చార్జర్ అమ్మేవాళ్లు చెప్పరు, వాళ్లకు ప్యానెల్స్‌తో పనిలేదు. విడివిడిగా రెండూ మంచి సలహాలే. ఒకే ఇంట్లో రెండూ పాటిస్తే ఒకదాని లాభాన్ని రెండోది తినేస్తుంది.

బావ: ఒప్పుకుంటున్న. నీ ఇంటికి ఒకటే మీటరు. కాని నీ 532 ప్రతి నెల రాదు. ఆషాఢం, శ్రావణం మబ్బు పడ్తది. 360 కాస్త 270కి పడిందనుకో. 500లకెల్లి 270 పోతే 230. 200 దాటినవ్. బిల్లు 1,251. ముప్పై యూనిట్లు ఎక్కువైతే నాలుగు వందల పైచిలుకు ఎక్కువైతది. ఎండాకాలం ప్యానెల్స్ మంచిగ చేస్తయి గాని ఏసీలు తింటయి. ప్రతి నెల 200 గీత కాడ కాపలా ఉండాలె.

బామ్మర్ది: ఉంట. నెలాఖరుల మీటరు చూసుకుంట. 190 కాడ ఉంటే రెండు రోజులు కారు ఆఫీసుల చార్జ్ పెట్టుకుంట.

బావ: ఇంకోటి. కరెంటు పోతే నీ ప్యానెల్స్ కూడ బందైతయి, తెల్సా? లైన్ మీద పనిచేసె మనిషికి షాక్ కొట్టొద్దని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అట్లనే చేస్తరు. ఏప్రిల్ గాలిదుమారంల కరెంటు పోయిందంటే, నడినెత్తిన ఎండ ఉన్నా నీ ఇంట్ల ఫ్యాన్ తిరగది. బ్యాటరీతోటి హైబ్రిడ్ పెడితే వేరే ముచ్చట, వేరే పైసలు.

బామ్మర్ది: తెల్సు. ఉన్న ఇన్వర్టర్ ఫ్యాన్లకు చాలు. నాకు అసలు డౌటు హీట్ పంప్ మీద. నీళ్లు కాగబెట్టెటందుకు గీజర్ తీసేసి అది పెడదామనుకుంటున్న.

బావ: అది నీకెందుకు? ఇంగ్లండోళ్లకు ఇల్లంత వేడి చెయ్యాలె గనుక హీట్ పంప్. ఇక్కడ చలి డిసెంబరు, జనవరి. నీ ఏసీ కూడ హీట్ పంపే, వేడి లోపలికెల్లి బయటికి గుంజుతది.

బామ్మర్ది: నీళ్లు పన్నెండు నెలలు కావాలె గద. నలుగురికి రోజుకు 150 లీటర్లు, ఇరవై డిగ్రీలు పెంచాలంటే గీజర్‌కు మూడున్నర యూనిట్లు. హీట్ పంప్ గాలిలకెల్లి వేడి గుంజుకుంటది, ఒకటింపావు యూనిట్‌తోని పని అయిపోతది. నెలకు డెబ్బై యూనిట్లు మిగులు.

బావ: ఎండాకాలం నల్లానే ఉడుకు నీళ్లు పోస్తది, డెబ్బై ఏడాదంత రావు. మూడు కిలోవాట్ల ప్యానెల్స్‌కు మూడొందల చదరపు అడుగులు పోతే మీద ఇంకా జాగ ఉన్నది. మామూలు సోలార్ వాటర్ హీటర్ పెట్టు. దానికి మీటరే లేదు, స్లాబే లేదు.

ఈ విషయంలో నేను బావ పక్షం. ఎక్కువ వేడి నీళ్లు వాడే హోటళ్లకు, ఆసుపత్రులకు హీట్ పంప్ లెక్క కుదురుతుంది. ఎండ దండిగా పడే సాతంరాయి ఇంటికి గాజు గొట్టాల సోలార్ హీటరు చాలు. పైన జాగా లేని అపార్ట్‌మెంటుకైతే మళ్లీ ఆలోచించాలి.

అసలు తగువు ఆ తర్వాత మొదలైంది.

బావ: నీ లెక్కంత సరే. ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. నీ ఇంట్ల రెండు ఏసీలు, కారు. నువ్వు కట్టేది నెలకు 532. మూడు రూపాయల నలభై పైసల స్లాబు ఎవరి కోసం పెట్టిన్రు? ఫ్యాను, టీవీ, ఫ్రిజ్జు ఉన్న ఇంటి కోసం. నువ్వు 500 యూనిట్లు వాడి, ఆ ఇంటి ధరల కూసున్నవ్.

బామ్మర్ది: ఊకెనే కూసున్ననా? 360 యూనిట్లు లైనుకు నేను ఇచ్చిన.

బావ: మధ్యాహ్నం ఇచ్చినవ్. రాత్రి తీసుకున్నవ్. పొద్దు గూకినంక అందరు ఒక్కసారి స్విచ్చు వేస్తరు. ఆ టైముకు డిస్కమ్ బయటికెల్లి కొనాలంటే ధర వేరే ఉంటది. నీ మధ్యాహ్నం యూనిట్‌కు, నీ రాత్రి యూనిట్‌కు సమాన ధర కడుతున్నది ఎవరు? తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్ జీతం, నీ 532ల ఎంతున్నది?

బామ్మర్ది: మధ్యాహ్నం కరెంటుకు గిరాకి లేదన్నదెవరు? యాసంగిల బోరు మోటర్లు పగలే నడుస్తయి. 2018 జనవరి నుంచి రైతులకు 24 గంటలు ఉచితం ఇస్తున్నరు. ఆ మోటర్లకు కరెంటు ఎక్కడికెల్లో తేవాలె గద. సాతంరాయి మిద్దె మీద పుట్టిన కరెంటు పక్కింటికే పోతది, లైను నష్టం కూడ లేదు. ఎయిర్‌పోర్టు చూడు. 2016ల ఐదు మెగావాట్లు పెట్టుకున్నరు, తర్వాత ఇంకో ఐదు. వాళ్లు చేస్తే పర్యావరణం, నేను చేస్తే పేదోని స్లాబు గుంజుకున్నట్టా?

బావ: వాళ్లు ఏ స్లాబుల లేరు. నీకు తప్పు అంటగడ్త లేను. నిబంధన అట్ల ఉన్నది. నెట్ మీటర్ అంటే కిరాణ కొట్ల ఖాతా అనుకో. టమాట కిలో పది ఉన్నప్పుడు ఇచ్చి, అరవై ఉన్నప్పుడు కిలోకు కిలో తీసుకపోతున్నవ్. సేటు ఎన్ని రోజులు ఊకుంటడు? కాలిఫోర్నియా మనోళ్లను అడుగు. 2023 ఏప్రిల్ తర్వాత పెట్టిన ప్యానెల్స్‌కు, బయటికి పంపిన కరెంటు ధర నాలుగింట మూడొంతుల దాక తగ్గించిన్రు. ఇక్కడ కూడ ఏదో ఒక రోజు వస్తది.

బామ్మర్ది: వస్తే గప్పుడు బ్యాటరీ కొంట. గప్పటిదాక ప్యానెల్స్ పైసలు తీరిపోతయి. రేపు మారుతదని ఇయ్యాల తొమ్మిదిన్నర కట్టాల్నా?

బావ: నువ్వు కట్టకు. కాని నీలెక్క మిద్దె లేనోని సంగతి చెప్పు. గగన్‌పహాడ్‌ల కిరాయికి ఉండి ఎయిర్‌పోర్టు క్యాబ్ తోలెటోడు ఉన్నడు. రోజుకు 180 కిలోమీటర్లు, నెలకు 900 యూనిట్లు. ఇంటికి 200. ఒకే మీటరైతే 1,100 యూనిట్లకు 9,490. 800 దాటితే 2024ల ఫిక్స్‌డ్ చార్జీ కూడ కిలోవాట్‌కు పది నుంచి యాభై చేసిన్రు. రెండో మీటరుంటే ఇంటికి 820, బండికి 5,400. మూడు వేల పైన తేడా. ఇంటికి గృహజ్యోతి ఉంటే 820 కూడ లేదు, సున్నా.

బామ్మర్ది: ఆయనకు రెండో మీటరే కరెక్టు. ఆయన ఇంటి మీద ప్యానెల్ ఎవరు పెట్టనిస్తరు?

బావ: రెండో మీటరు ఎవరు పెట్టనిస్తరు? ఓనరు ఒప్పుకోవాలె. ఓనరేమంటడు, నాకెందుకు ఈ లొల్లి, బయట చార్జ్ పెట్టుకో అంటడు. బయట ఫాస్ట్ చార్జర్ కాడ ఆరు రూపాయల యూనిట్ మూడింతలైతది. లక్ష రూపాయలు చేతుల పెట్టుకున్నోనికి యూనిట్ మూడు నలభై. రోజు కష్టం చేసెటోనికి పద్దెనిమిది, ఇరవై. టారిఫ్ బుక్కుల ఇట్ల రాయలే, కాని అయ్యేది ఇట్లనే.

బామ్మర్ది ఈసారి జవాబు వెతుక్కున్నాడు. అపార్ట్‌మెంట్లకు సూర్యఘర్‌లోనే దారి ఉందన్నాడు: సంఘం కలిసి పెట్టుకుంటే కారు చార్జింగుతో సహా ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ, 500 కిలోవాట్ల దాకా. నిజమే. కానీ సంఘమే లేని రెండంతస్తుల కిరాయి ఇళ్లు శంషాబాద్ నిండా ఉన్నాయి. క్యాబ్ తోలేవాళ్లు ఎక్కువగా ఉండేది వాటిల్లోనే.

నా తీర్పు ఇది. ఇంటి లెక్కలో బామ్మర్ది గెలిచాడు. సొంత మిద్దె ఉన్నవాళ్లు ముందు ప్యానెల్స్ పెట్టుకోండి, కారును అదే మీటరు మీద ఉంచండి, రెండో మీటరు జోలికి పోకండి. మిద్దె లేనివాళ్లు, బండి మీద బతికేవాళ్లు రెండో మీటరు అడగండి. ఓనరును ఒప్పించాల్సి వస్తే 2024 సవరణ కాగితం తీసి చూపండి. ఊరి లెక్కలో మాత్రం బావ మాటకు జవాబు రాలేదు. మధ్యాహ్నం కరెంటుకు ఒక ధర, సాయంత్రానికి ఒక ధర ఇళ్లకూ రావాలి. అది వచ్చిన రోజున క్యాబ్ డ్రైవరు కూడా మధ్యాహ్నం రెండింటికి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో చౌకగా చార్జ్ పెట్టుకోగలడు. 200 గీత దాటిన ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పడే ఈ గడప కూడా మెట్లుగా మారాలి.

ఇవి మార్చేది తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి. డిస్కమ్‌లు టారిఫ్ ప్రతిపాదనలు వేసినప్పుడు మండలి పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు మాట్లాడతాయి. కారున్న ఇంటివాళ్లు, క్యాబ్ తోలేవాళ్లు మాత్రం అరుదు. వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. ఈసారి ప్రకటన వచ్చినప్పుడు మీ పన్నెండు నెలల బిల్లులు జతచేసి ఒక ఉత్తరం రాయండి.